ఎర్ర దారపు ముడి

గృహిణి అట. రెండు పేజీల నిండా నా గురించి, నా కొట్టు గురించి, నా చేతి గీత గురించి, ఆ గీత ఎక్కణ్ణుంచి వచ్చిందన్న మహా పరిశోధన గురించి రాసి, మధ్యలో ఎక్కడో చీమ దూరే సందులో "తల్లి గృహిణి" అని రెండు ముక్కలు కుక్కి, చుక్క పెట్టి, పక్క వాక్యంలోకి దూకేసింది ఆ పత్రిక పిల్ల. ఆ పత్రిక ఇప్పుడు నా మోచేతి దగ్గర, రంగు గిన్నెల పక్కన, మడత పెట్టి ఉంది. తెచ్చింది మా నాన్న. నేను పచ్చబొట్ల కొట్టు తెరిచి పదకొండేళ్ళయింది, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా గడప తొక్కని మనిషి ఈ రోజు పొద్దున పదకొండు గంటలకి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పత్రిక చంకలో పెట్టుకుని వచ్చాడు. వచ్చి, నల్ల కుర్చీలో వెనక్కి వాలి, చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి, ఎడమ చెయ్యి నా ముందు చాపాడు. అమ్మని నాలుగు కొట్ల అవతల కళ్ళ డాక్టరు దగ్గర కూర్చోబెట్టాడట. కళ్ళలో చుక్కలు వేశారు, పాపలు విచ్చుకోవడానికి గంట పడుతుందట, ఆ గంటలో ఇక్కడి పని ముగించుకోవాలట. "మీ అమ్మే వెళ్ళమందిలే" అని తనే సంజాయిషీ ఇచ్చుకున్నాడు, నేను అడక్కుండానే. మెషీన్ గుర్రుమంటోంది. నా ఎడమ చేతి బొటనవేలూ చూపుడువేలూ ఆయన చర్మాన్ని చెరో పక్కకి లాగి బిగించి పట్టుకున్నాయి. నా నోరు మాత్రం నేనే బిగించుకున్నాను, ఎందుకంటే సూది చేతిలో ఉన్నప్పుడు కోపం పనికిరాదు, చెయ్యి జారిందంటే జన్మంతా ఉంటుంది.

అడిగిందేమిటో చూడండి. పత్రికలో నా ఫొటో కింద నేను గీసిన బొమ్మ ఒకటి వేశారు, విప్పిన రెక్కల బొమ్మ. "అమ్మాయ్, ఈ సీతాకోకచిలుక నాక్కూడా వెయ్యి" అన్నాడు. అది సీతాకోకచిలుక కాదు, ఆ పత్రిక పిల్ల రాసినంత మాత్రాన అయిపోదు, అది బట్టల పురుగు, ఉన్ని కోట్ల మడతల్లో గుడ్లు పెట్టే బూడిదరంగు పురుగు. ఆ పిల్లకి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ తలాడించి, సీతాకోకచిలుక అని రాసుకుంది. సరే, పురుగే వేస్తాను, కూర్చో అన్నాను. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. "కింద కుడి మూలలో నా సంతకం ఉండాలి. అది చివర్న. బోర్డు పూర్తయ్యాకే సంతకం." నా పెన్ను నా బల్ల మీంచి తీసుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, తన చెయ్యి మీద తనే రాసుకున్నాడు, ర నుంచి తోక సాగదీసి, ఆ తోకని మళ్ళీ వెనక్కి తిప్పి, కింద రెండు చుక్కలు పెట్టి. రంగులరాజు. ఊళ్ళో అందరూ పెట్టిన పేరు, ముప్పై ఏళ్ళు బోర్డుల మీద అదే పేరు. నా బొమ్మ కింద నా తండ్రి సంతకం. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో చిన్నప్పుడు బళ్ళో అర్థం కాలేదు, ఇప్పుడు కుర్చీలో పడుకుని కాళ్ళు ఊపుతోంది.

నేను ఎప్పుడూ కుడి మూలలో కిందనుంచి మొదలుపెడతాను. చర్మం మీద దింపుకున్న అచ్చు వెంట సూది నడిపేటప్పుడు రంగూ నెత్తురూ తుడుస్తూ ఉండాలి, పైనుంచి మొదలుపెడితే తుడిచే చెయ్యి కింది గీతల్ని చెరిపేస్తుంది. ఈ రోజు ఆ మూల వదిలేసి, దాని పక్కనుంచి పైకి పోతున్నాను. ఇలా మొదటిసారి. మూల మొదలుపెట్టకుండా ఏ పనీ చెయ్యలేదు నేను, చేతికి ఎక్కడో తేడాగా ఉంది, ఎడమ కాలి చెప్పు కుడి కాలికి తొడుక్కున్నట్టు. ఒక్కసారి సబ్బునీళ్ళ గుడ్డ పొరపాటున కిందికి జారితే చాలు, రంగులరాజు తోకతో సహా పోతాడు. జారనిచ్చానా? లేదు. జారనివ్వాలని ఎన్నిసార్లు అనిపించిందో మాత్రం అడక్కండి.

"నా బ్రష్షే దాని చేతిలో పెట్టాను" అని పత్రికలో మా నాన్న మాట. కోట్ చేసి మరీ వేశారు, పెద్ద అక్షరాలతో, పేజీ మధ్యలో. పెట్టాడు. నాకు తొమ్మిదేళ్ళు. పెరట్లో ఒక మందుల కొట్టు బోర్డు ఆరబెట్టి ఉంది, నీలం మీద తెలుపు, అక్షరాలు ఎంత నున్నగా ఉన్నాయంటే నాలుకతో నాకాలనిపించేది. సన్న బ్రష్షు తెలుపులో ముంచి, ఒక అక్షరం లోపలి వంపు వెంట, తాకీ తాకనట్టు, గాలిలోనే తిప్పుతున్నాను. వెనకనుంచి వచ్చి బ్రష్షు లాక్కుని దాని కర్రతో నా వేళ్ళ కణుపుల మీద కొట్టాడు. "ఆడపిల్ల చెయ్యి వణుకుతుంది. గీతకి పనికిరాదు." అంతే నా చేతిలో ఆయన పెట్టిన బ్రష్షు. నాలుగు కణుపులు, రెండు రోజులు వాచాయి. అది కూడా రాయమని చెప్పవలసింది ఆ పిల్లకి, స్ఫూర్తి కింద. ఇదే చెయ్యి నాన్నా, ఇప్పుడు నీ నరం మీంచి వెంట్రుక పాటి గీత లాగుతోంది, చూసుకో వణుకుతోందేమో. చూడ్డం లేదు. కప్పు వైపు చూస్తున్నాడు. కాలి బొటనవేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి.

"నొప్పిగా ఉందా?"

"ఛ, చీమ కుట్టినట్టు కూడా లేదు."

మంచి పనివాడు, ఆ మాట కాదనను. స్కేలు లేకుండా అరవై అడుగుల గోడ మీద తిన్నగా రాసేవాడు. కానీ రాసింది చదివించుకోవడం కన్నా, రాసిందెవరో చదివించుకోవడం మీద ధ్యాస ఎక్కువ. బడి గోడ మీద నీతివాక్యాల కింద సంతకం, మరుగుదొడ్ల మీద ఆడ, మగ అని రాసి దాని కింద కూడా సంతకం, ఆ ఒక్కదానికీ ఊరంతా నెలరోజులు నవ్వింది, ఆయన కూడా నవ్వాడు గాని చెరపలేదు. తర్వాత అచ్చు బోర్డులు వచ్చాయి, రాత్రి ఇస్తే పొద్దునకల్లా తయారు, మనిషి మొహంతో సహా. ఏడాదిలో రంగులరాజు ఖాళీ అయిపోయాడు. పెరట్లో డబ్బాలు ఎండిపోయాయి, బ్రష్షులు రాళ్ళయ్యాయి, ఆయన అరుగు మీద కూర్చుని దారిన పోయే ప్రతి బోర్డులోనూ అక్షరాల ఎడం సరిగ్గా లేదని తిట్టేవాడు. అలా పదేళ్ళు. ఆ పదేళ్ళూ ఇంట్లో పొయ్యి ఆరలేదు. ఎందుకు ఆరలేదో, ఎవరి కళ్ళు కరిగితే ఆరలేదో, ఆ పత్రికకి తెలియదు. గృహిణి అట.

చెప్పాను కదా ఆ పిల్లకి. రెండు గంటలు చెప్పాను, ఇక్కడే, ఇదే బల్ల దగ్గర. మంచి పిల్లే, ముఖంలో కపటం లేదు. "మీ నేపథ్యం ఏమిటి, మీ స్ఫూర్తి ఎవరు" అని కాగితం చూసి అడిగింది, నేను అమ్మ అన్నాను, అమ్మ ఏం చేసేవారు అంది, రఫూ చేసేది అన్నాను, అంటే ఏమిటి అంది. చిరిగిన బట్టని చిరగలేదనిపించేలా దారాలు నేసి పూడ్చడం అని చెప్పాను. కొన్ని వినేటప్పుడు ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, అబద్ధమెందుకు. మర్నాడు ఇంటికి వెళ్ళి నాన్నని కలిసింది. అక్కడ కళాకారుడు దొరికాడు, పాత ఫొటోలు దొరికాయి, నిచ్చెన మీద నిలబడి బ్రష్షు పట్టుకున్న మీసాల మనిషి దొరికాడు. నిచ్చెన ఎక్కిన మనిషి ఫొటోలో పడతాడు, కిటికీ పక్కన తల వంచుకుని కూర్చున్న మనిషి పడదు. నిన్న ఫోన్ చేసి అడిగాను, మా అమ్మ ఏదమ్మా అని. "స్థలం సరిపోలేదక్కా, ఎడిటర్ గారు కోసేశారు, అయినా గృహిణి అనే మాటలో ఎంత గౌరవం ఉంది" అంది. ఆ గౌరవం ఏదో నువ్వే ఉంచుకో తల్లీ, మా అమ్మకి ఉద్యోగం ఉండేది అన్నాను. "అయ్యో అక్కా, ఫీలవ్వకండి" అంది. ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది, ఎడమ రెక్క సగం అయింది.

ఈ రెక్క లోపలి నింపుడు చూడండి. నల్లగా పులమను నేను. ఒక దారం పైనుంచి, ఒక దారం కిందనుంచి, అడ్డం నిలువు, అడ్డం నిలువు, వెంట్రుక సందుతో. అందరూ ఇదే చూసి నా గీత గుర్తుపడతారు. ఇది ఏ బోర్డు మీద ఉంది నాన్నా? ఇది లాండ్రీ వెనకగదిలో ఉంది. ముందు కొట్టులో ఇస్త్రీ పెట్టెల ఆవిరి, వెనక సోడా నీళ్ళ వాసన, ఆ రెండింటి మధ్య ఒక కిటికీ, కిటికీ కింద చెక్క స్టూలు, స్టూలు మీద మా అమ్మ. బోర్లించిన ఇత్తడి గిన్నె మీద బట్ట బిగించి, ఎడమ చేతి రెండు వేళ్ళతో చెరో పక్కకి లాగి పట్టుకుని. ఇదిగో, నేనిప్పుడు ఎలా పట్టుకున్నానో అలాగే. బడి అయిపోగానే నేను అక్కడికే వెళ్ళేదాన్ని. నాకు ముందు సూది ఇచ్చింది, దారం ఇవ్వలేదు. నెల రోజులు ఒట్టి సూది. పైన, కింద, పైన, కింద. "చెయ్యి కాదే కదలకూడనిది, ఊపిరి. ఊపిరి ఆపకు, చిన్నది చేసుకో" అనేది. తర్వాత దారం. ఆ దారం కూడా పెట్టెలోంచి కాదు. "ఏ బట్టకి చిల్లు పడిందో ఆ బట్టలోదే దారం తియ్యాలి. లోపలి అంచు మడత విప్పి, ఎవరికీ కనబడని చోటునుంచి ఒక్కో పోగూ లాగాలి. బయటి దారం ఎంత మంచిదైనా పరాయిదే, నాలుగు ఉతుకులకి తెలిసిపోతుంది." నేను ఈ రోజుకీ అదే చేస్తాను. ఎవరు వచ్చి చెయ్యి చాపినా ముందు పుస్తకంలో బొమ్మలు చూపించను. ఆ చర్మం మీద ఏముందో చూస్తాను, పుట్టుమచ్చలు, నరాలు, పాత గాయాలు. రొట్టెలు కాల్చే ఆయన ఒకాయన వచ్చాడు, ముంజేతి నిండా పొయ్యి అంచు తగిలిన మచ్చలు, అన్నీ కప్పేయమన్నాడు. కప్పలేదు, ఆ మచ్చల గీతల్నే కొమ్మలు చేశాను. అద్దంలో చూసుకుని, ఇవి ముందునుంచీ ఉన్నట్టున్నాయే అన్నాడు. నాకు ఇంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ ఇవ్వలేదు. అది అమ్మ మెప్పు, అమ్మకి అందవలసింది.

ఒకసారి ఒక కోటు మడతలోంచి పురుగు లేచింది. నేను చెప్పు తీసి కొట్టబోయాను. అమ్మ చెయ్యి పట్టుకుంది. "కొట్టకే. అది తినదు పాపం, దాని పిల్లలు తింటాయి. అవి తింటేనే మనం తింటాం." నేను ఆ పురుగుని కిటికీ అద్దం మీద చాలాసేపు చూశాను. రెక్కల మీద బూడిద, ఆ బూడిదలో అడ్డం నిలువు గీతలు, అమ్మ నేసినట్టే. నా మొదటి బొమ్మ అదే, బడి నోటుపుస్తకం వెనక అట్ట మీద. అదే ఇప్పుడు సీతాకోకచిలుక అయి, రంగులరాజు గారి అబ్బాయి లేని లోటు తీర్చి, వంశం కళ నిలబెట్టింది. పురుగు మా ఇంటికి అన్నం పెట్టిందని నేను చెబితే "భలే ఉందక్కా ఈ లైను" అని రాసుకుంది కూడా ఆ పిల్ల. ఎడిటర్ గారి కత్తెర ఎంత చక్కగా కోసిందో.

కత్తెర అంటే లాండ్రీ యజమాని కత్తెర గుర్తొస్తుంది, ముక్కు వెంట్రుకలకి వాడేంత బుల్లి కత్తెర. అమ్మ పని ఎక్కడ చేసిందో యజమానికి కూడా కనబడేది కాదు, అందుకని ఆయనే నియమం పెట్టాడు, రఫూ పూర్తయిన చోట బట్ట లోపలివైపు ఎర్ర దారంతో చిన్న ముడి వెయ్యాలి. చీమంత ముడి. ఆయన ఆ ముడి చూసి, దాని మీద వేలు పెట్టి, తిరగేసి, వెలుతురుకి పట్టి, సరేనని తలాడించి, ఆ కత్తెరతో ముడి కత్తిరించి నేల మీద పడేసి, బట్ట ముందు కొట్టుకి పంపేవాడు. అక్కడ కొట్టుకొచ్చిన వాళ్ళతో, "ఇది ఇక్కడి పని కాదండీ, పెద్ద నిపుణులున్నారు, పంపించి చేయించాను" అనేవాడు. నిపుణులు పది అడుగుల దూరంలో తెర వెనక కూర్చుని, ఆ మాట వింటూ, తర్వాతి చిల్లుకి సూది ఎక్కించుకునేవారు. వెనకగదావిడ అనేవారు అమ్మని, అంతకుమించి పేరుండేది కాదు. నేను నేల మీద ఆ ఎర్ర ముళ్ళు ఏరుకునేదాన్ని. ఒక మందుసీసా నిండింది, రెండోది సగం వచ్చింది. నిండు సీసా ఇప్పుడు ఈ గోడ అలమరలో ఉంది, రంగుల పక్కన. పత్రికలో దాని ఫొటో కూడా పడింది. "కొట్టులో చిన్న చిన్న అలంకరణలు" అని రాశారు కింద.

ఇక ఆ కోటు. ఆ కోటు గుర్తొస్తే నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వస్తాయి, ఏది ముందో తెలియదు. ఎవరో పెద్దాయన కోటు, భుజం కింద అరచేతి వెడల్పున కాలిపోయింది. నాలుగు రోజులు పట్టింది అమ్మకి. ఐదో రోజు ఆయన వచ్చి కోటు చూసుకుని, ఇది నా కోటు కాదు, నా కోటుకి చిల్లుంది, మీరు మార్చేశారు అని గోల. యజమాని నవ్వాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత కేకలేశాడు, చివరికి తెర పక్కకి లాగి, "వెనకగదావిడా, ఎక్కడ చేశావో చూపించు" అన్నాడు. అంతవరకూ ఉన్న నిపుణులు ఆ క్షణంలో వెనకగదావిడ అయిపోయారు. అమ్మ కోటు చేతుల్లోకి తీసుకుంది. వెతికింది. వేళ్ళతో తడిమింది, వెలుతురుకి పట్టింది. దొరకలేదు. తను చేసింది తనకే దొరకలేదు. "ముడి కత్తిరించేశారు కదండీ, నేనెలా చూపించను" అంది. కొట్టులో అందరూ ఆమెనే చూస్తున్నారు, దొంగని చూసినట్టు. అప్పుడు అమ్మ కోటు తిరగేసి, అడుగు మడత అంచు కుట్లు విప్పింది. అక్కడ బట్ట పల్చగా, దోమతెరలా ఉంది. "దారాలు ఇక్కణ్ణుంచి తీశాను. మార్చిన కోటైతే ఇక్కడ దారాలెందుకు తక్కువుంటాయి?" అంది. ఆయన కోటు తీసుకుని, యజమానికి చెయ్యి కలిపి, నిపుణులకి నా అభినందనలు చెప్పండి అని వెళ్ళిపోయాడు. అమ్మ మళ్ళీ తెర వెనక్కి వచ్చింది. నాకు పదేళ్ళు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది, అమ్మకి రాలేదు, లేకపోతే నాకు కనబడనివ్వలేదు. ఇంటికొచ్చి నాన్నకి చెప్పింది, అన్నం వడ్డిస్తూ, నవ్వుతూ. నాన్న బ్రష్షులు కిరసనాయిలులో కడుక్కుంటూ ఊఁ కొట్టాడు. విన్నాడో లేదో ఆ రోజు తెలియలేదు.

కుడి రెక్క కూడా అయిపోవచ్చింది. పురుగు మీసాలు, కాళ్ళు, కింది మూల మిగిలాయి. నాన్న చర్మం ముసలిదైపోయింది, లాగి పట్టుకుంటే గాని గీత నిలవదు, వదిలితే ముడుచుకుంటుంది. ఇది మాత్రం మనసుకి చివుక్కుమంటుంది, ఎంత కోపమున్నా. కొట్టు తెరిచిన రోజు రమ్మన్నాను. "చర్మం మీద రాసింది మనిషితో పోతుంది. బోర్డైతే నిలబడుతుంది. పచ్చబొట్లు పొడిచే పని నా ఇంట్లో ఎవరూ చెయ్యలేదు" అన్నాడు. ఆయన బోర్డు ఒక్కటైనా ఇప్పుడు ఊళ్ళో లేదు. నేను గీసినవి బస్సుల్లో వెళుతున్నాయి, కూరగాయలు బేరమాడుతున్నాయి, పిల్లల్ని ఎత్తుకుంటున్నాయి. ఇది అనాలని ఉంది. అననా? అన్నాననుకో, ఏమంటాడు, పత్రిక చూపించి, నా బ్రష్షే కదా అంటాడు. అమ్మ వచ్చేలోపు అనేయాలి, అమ్మ ముందు అనలేను, అమ్మ ఆ రెండు ముక్కలు చూడలేదు, సన్నక్షరాలు ఆమె కళ్ళకి ఆనవు. చూడకూడదు కూడా. చూస్తే ఏమీ అనదు, పోనీలే అంటుంది. ఆ పోనీలే నేను వినలేను.

తలుపు తోసిన చప్పుడు. కళ్ళ డాక్టరు దగ్గరి నర్సు చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా దిగబెట్టి వెళ్ళిపోయింది. అమ్మ నల్ల అద్దాల జోడు పెట్టుకుని, గోడ తడుముకుంటూ, ప్రతి వారం వచ్చి కూర్చునే కుర్చీ దగ్గరికి అలవాటు మీద వచ్చేసింది.

"ఏమీ కనబడట్లేదే. ఎదర పాలు ఒలికిపోయినట్టుంది. అయిందా మీ నాన్నది?"

"ఇంకొంచెం అమ్మా. ఒక మూల ఉంది."

"అయితే ఈలోగా ఆ పత్రిక ఒకసారి చదివిపెట్టు. మీ నాన్న మొన్న చదివార్లే. ఆ కోటు ముక్క ఇంకోసారి వినాలని ఉంది."

నా వేళ్ళ కింద నాన్న చెయ్యి బిగిసింది. కోటు ముక్కేమిటి? రెండు పేజీల్లో కోటు లేదు, బొత్తాం కూడా లేదు. మెషీన్ ఆపాను. అమ్మ చెప్పుకుపోతోంది, కోటాయన గోల చెయ్యడం, అంచు విప్పి చూపించడం, యజమాని కత్తెర, ఎర్ర ముళ్ళు, పురుగుని చంపొద్దన్న మాట, ఎంత వివరంగా రాసిందో ఆ పిల్ల అని. నాన్న తేలు కుట్టిన దొంగలా కప్పు వైపు చూస్తున్నాడు. పత్రిక మొహానికి అడ్డం పెట్టుకుని, లేనిదంతా చదివాడన్నమాట ఈయన. బ్రష్షులు కడుగుతూ కొట్టిన ఊఁ ఒట్టి ఊఁ కాదన్నమాట. ఒక్క పోగు పోకుండా అన్నీ ఉన్నాయన్నమాట లోపల. నా గుండె కరగాలి ఇక్కడ. కరగలేదు. ఇంకా మండింది. తెలియని మనిషైతే తెలియదులే అని వదిలేస్తాం. అన్నీ తెలిసి, ఆ పిల్ల ఎదురుగా కూర్చుని అడుగుతుంటే, ఇవన్నీ కడుపులో దాచుకుని, నా బ్రష్షు అన్నాడా? చిల్లు పొడిచిందీ ఈయనే, రఫూ చేసిందీ ఈయనే.

"చదవవే. మీ నాన్న మాటలు మింగేస్తారు."

గ్లవ్సు తీసేసి పత్రిక తీసుకున్నాను. మడత విప్పాను. ఆ రెండు ముక్కలు నా మొహం మీదికి లేచాయి. కోటు కథ నా నాలుక మీదే ఉంది, నేనూ చదివెయ్యగలను, నాన్న కన్నా బాగా చదవగలను, ఒక్క అతుకు తెలియకుండా. నోరు తెరిచాను.

"అమ్మా..."

"లేదు కదూ?" అంది అమ్మ.

పత్రిక కిందికి దించాను.

"ముప్పై ఏళ్ళు అతుకులు వేసినదాన్నే నేను. ఎక్కడ పడిందో నాకు తెలీదా? అచ్చులో ఉన్నది చదివినంతసేపూ ఆయన గొంతు స్టేజీ ఎక్కి కూర్చుంది. కోటు దగ్గరికొచ్చేసరికి మామూలుగా మాట్లాడారు. పేజీ కూడా తిప్పలేదు. అసలేముందో అది చదువు."

"తల్లి గృహిణి."

"ఇంకా?"

"అంతే."

పోనీలే అంటుందని కళ్ళు మూసుకున్నాను. అనలేదు. తర్వాత వచ్చిన గొంతు నేను ముప్పై ఎనిమిదేళ్ళలో వినని గొంతు.

"గుడ్డలో నా పని కనబడకూడదు. అది పనితనం. నేను కనబడకూడదని ఎవరన్నారు?"

"అది కాదే, ఆ పిల్ల పెయింటింగు గురించి అడిగింది, అందుకని నేను..." నాన్న నీళ్ళు నమిలాడు.

"ఇంట్లో నాకు చదివి వినిపించారే, అదేదో ఆ పిల్లకి వినిపిస్తే మీ బ్రష్షు అరిగిపోయేదా? కోటాయన నయం, నా మొహం చూసి వెళ్ళాడు." అమ్మ నా వైపు తిరిగింది, నేను ఉన్నాననుకున్న వైపు. "ఏదో మూల మిగిలిందన్నావు. అక్కడేం వెయ్యాలి?"

"నాన్న సంతకం."

"తుడిచెయ్యి. ఊరంతా వేసుకున్నారు చాలు. అక్కడ నా ముడి వెయ్యి."

నేను నాన్న వైపు చూశాను. చెయ్యి ఎవరిదో వాళ్ళు ఒప్పుకోకుండా నా సూది ఒక చుక్క కూడా పెట్టదు, అది ఈ కొట్టు కట్టుబాటు, తండ్రైనా సరే. "నాన్నా, చెయ్యి నీది. నువ్వు చెప్పాలి" అన్నాను. ఆయన తల ఎత్తి సంతకం చూసుకున్నాడు, ర నుంచి తోక చివరి దాకా. మరుగుదొడ్డి గోడ మీద కూడా చెరపని సంతకం. కుడి చేత్తో నా బల్ల మీది తడిగుడ్డ తీసుకుని తనే తుడిచాడు. ఒకసారికి తోక పోలేదు. రెండోసారి గట్టిగా రుద్దాడు, చర్మం ఎర్రబడింది.

"ఎర్ర రంగు ఉందా నీ దగ్గర?" అన్నాడు, నా మొహం చూడకుండా.

ఉంది. అలమరలోంచి సీసా దింపి, మూత తీసి, ఒక ముడి పట్టకారుతో పైకి తీసి బల్ల మీద పెట్టుకున్నాను, కొలత తప్పకూడదని. నా కోపం ఏమీ తగ్గలేదు. ఆ పత్రిక ఎన్ని ఇళ్ళలో ఉందో, ఆ ఇళ్ళన్నిటిలో మా అమ్మ ఈ రాత్రికి కూడా గృహిణిగానే ఉంటుంది. రేపు పొద్దున్నే ఆ ఎడిటర్ గారి గుమ్మంలో ఉంటాను, అమ్మని వెంటపెట్టుకుని. కొత్త గ్లవ్సు వేసుకుని, కొత్త సూది బిగించి, ఎర్ర రంగులో ముంచాను. నాన్న చెయ్యి కదలకుండా చాపాడు. అమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది, ఏమీ కనబడని కళ్ళతోనే ఆ మూల మీదికి వంగింది.

"లోతుగా వెయ్యవే" అంది. "దీన్ని ఎవడు కత్తిరిస్తాడో నేనూ చూస్తాను."